క్రెడిట్ కార్డు బాకీ: 70 వేలకు సెటిల్మెంట్, "ఇయ్యాల సాయంత్రం దాంకనే" అంటున్నరు. కట్టాల్నా?

చిట్యాల_బస్టాప్
కార్డు బిల్లు 14 నెలల సంది కట్టలే. లిమిట్ 60 వేలు, కట్టుడు ఆపిన్నాడు బాకీ 58,400. ఇప్పుడు 1,12,600 అంటున్నరు. వారం సంది ఒక ఏజెన్సీ నుంచి రోజుకు పది ఫోన్లు. నిన్న ఒకాయన 70 వేలు ఒక్కసారి కడితే ఖతం చేస్తం, ఇయ్యాల సాయంత్రం 5 దాంకనే ఆఫరు, తర్వాత సిస్టం క్లోజ్ అయితది అన్నడు. ముందుగాల 5 వేలు టోకెన్ వేస్తే ఆఫర్ లాక్ అయితదట, ఫోన్‌పే నంబర్ పంపిండు. వడ్ల పైసలు ఇంకా పడలే, చేతిల 20 వేలే ఉన్నయి. కట్టాల్నా? తెలిసినోళ్లు చెప్పున్రి.

రికవరీ_మాజీ
ఆ ఫోన్‌పేకు రూపాయి కూడ వెయ్యకు. ముందుగాల ఈ పని ఆపు, మిగిలింది తర్వాత మాట్లాడుదం.

జడ్చర్ల_జంక్షన్
సాయంత్రం 5కు క్లోజ్ అయిన సిస్టం రేపు పొద్దుగాల 9కి మల్ల తెరుసుకుంటది. కిరాణం కొట్టు షట్టర్ లెక్క.

మిల్లు_గుమాస్తా
లెక్క చూసిన. 58,400 మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 2,044. దాని మీద 18 శాతం జీఎస్టీ 368. లేటు ఫీజు 1,100 అనుకుంటే జీఎస్టీతోని 1,298. మొత్తం నెలకు 3,710. 14 నెలలకు 51,940. అసలు కలిపితే 1,10,340. వాళ్లు చెప్పేది 1,12,600, తేడా 2,260. అది ఆటో డెబిట్ రిటర్న్ చార్జో, వడ్డీ మీద వడ్డీనో ఉంటది. స్టేట్‌మెంట్ల లేటు ఫీజు వరుస నీ కార్డుకు ఎంత పడ్డదో చూసుకో, బ్యాంకు బ్యాంకుకు స్లాబులు వేరే. కట్టని ఫీజులను, పన్నులను అసల్ల కలిపి వాటి మీద వడ్డీ గుంజొద్దని ఆర్బీఐ 2022 కార్డు నిబంధనల్లనే ఉన్నది. అట్ల కలిపినట్టు కనవడితే ఆ లైను మీద గీత గీసి పెట్టుకో, బేరంల పనికొస్తది.

అంటే నీ బాకీల దగ్గర దగ్గర సగం వడ్డీ, ఫీజులే. సెటిల్మెంట్ల తగ్గేది గా సగమే. 70 వేలంటే వాళ్లు అసలు మొత్తం తీస్కొని, పైకెళ్లి 11,600 ఎక్కువ అడుగుతున్నరన్నట్టు. దాన్ని డిస్కౌంట్ అనరాదు.

రికవరీ_మాజీ
గుమాస్తా లెక్క కరెక్టు. లోపలి సంగతి ఇట్లుంటది. ఫోన్ల మాట్లాడే పిల్లగానికి సెటిల్మెంట్ చేసే అధికారం లేదు. వాని చేతుల ఒక పట్టిక ఉంటది. బాకీ ఎన్ని రోజులు దాటితే ఎంత శాతం దాంక తగ్గించొచ్చు అని. వాడు పట్టికల పై అంకెతోని మొదలువెడ్తడు. కిందికి దిగాల్నంటే టీమ్ లీడర్, ఆ పైన బ్యాంకుల కలెక్షన్ మేనేజర్ ఒప్పుకోవాలె. బ్యాంకు సిస్టంల ఎంట్రీ పడి, ఆమోదం వచ్చి, లెటర్ పుడ్తది. దీనికి ఒకటి రెండు రోజులు పడ్తది. గందుకే "ఇప్పుడే కట్టు, లెటర్ తర్వాత" అన్నడంటే ఇంకా పైకి అడుగనే లేదన్నట్టు.

టోకెన్ ముచ్చట ఇంకా అన్యాలం. లెటర్ లేకుంటె నువ్వు వేసిన 5 వేలు మామూలు పేమెంట్ కిందనే జమ అయితది, ముందుగాల వడ్డీకి, ఫీజుకు పోతది. అది గూడ వాని సొంత నంబరుకు కాకుండ కార్డుకే పోతేనే. వాడు ఈ నెల టార్గెట్‌ల నిన్ను రాసుకుంటడు, వచ్చే నెల ఇంకో ఏజెన్సీకి నీ ఫైలు పోతది, ఆడ కొత్తోడు మల్ల మొదటి నుంచి మొదలువెడ్తడు.

దేవరకొండ_డేగ
అసలు ఎందుకు కట్టాలె? మూడేండ్లు దాటితే కోర్టు కూడ ఏం చేయలేదు. నంబర్ బ్లాక్ చేసి పండుకో.

వకీల్_పాలమూరు
డేగ గారు, సగం నిజం చెప్పి వదిలేయకండి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం దావా వేయడానికి గడువు మూడేళ్లు, అది నిజమే. గడువు పోతే దావా హక్కు పోతుంది, బాకీ పోదు. సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర నివేదికలో) అది కూర్చునే ఉంటుంది, ఫోన్లూ ఆగవు. పైగా ఈయనకు 14 నెలలే అయింది, బ్యాంకుకు ఇంకా దాదాపు రెండేళ్ల గడువు ఉంది.

రెండోది, అందరూ జారిపడే చోటు. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకంతో కాగితం రాసిచ్చినా (సెక్షన్ 18), కొంత కట్టి, ఆ చెల్లింపుకు మీ చేతిరాతో సంతకమున్న కాగితమో ఉన్నా (సెక్షన్ 19), మూడేళ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతాయి. ఆ టోకెన్‌కు ఈ పని కూడా ఉండొచ్చు. గడువు పోయిన తర్వాత కూడా "కడతాను" అని సంతకంతో రాసిస్తే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమే అవుతుంది. కనుక "మా బాకీ ఒప్పుకుంటున్నాను" అనే వాక్యం ఉన్న ఫారం ఏజెంటు బండి మీద తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టవద్దు.

చిట్యాల_బస్టాప్
ఎగ్గొట్టే ఆలోచన లేదు సార్. ముందు ముందు ఇంటి లోను అవసరం పడ్తది. కాకపోతే 70 వేలు పుట్టుడు కష్టం. ఇంకోటి, కట్టకపోతే పోలీసులు వస్తరు, వారంటు రెడీ అయ్యింది అంటుండు.

పిల్లలమర్రి_నీడ
వారంటు కలెక్షన్ ఆఫీసుల ప్రింటయితదా ఏంది.

వకీల్_పాలమూరు
కార్డు బాకీ సివిల్ వ్యవహారం. కట్టలేకపోయినంత మాత్రాన అరెస్టు లేదు. ఒకే ఒక్క దారిలో అది క్రిమినల్‌గా మారుతుంది, ఆ దారి తలుపు మనమే తీస్తాం. సెటిల్మెంటు వాయిదాలకు సెక్యూరిటీ అని చెక్కులు అడుగుతారు. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138: చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇస్తారు, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు. శిక్ష రెండేళ్ల దాకా, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఆటో డెబిట్ మ్యాండేట్ (ఖాతా నుంచి దానంతటదే కోసుకొమ్మనే అనుమతి) ఇచ్చి ఖాతాలో డబ్బు లేకపోయినా 2007 పేమెంట్ అండ్ సెటిల్మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద దాదాపు అదే శిక్ష. కాబట్టి ఖాళీ చెక్కు, తేదీ వేయని చెక్కు, కొత్త మ్యాండేట్ మూడూ వద్దు. వాయిదా తేదీన మీరే వెళ్లి కట్టండి.

హాలియా_అక్క
తమ్మీ, చేతిల ఉన్న 20 వేలకు ఇంకింత జమ చేయనీకి సంఘంల లోను తీస్తనని ఆలోచించకు. డ్వాక్రా గ్రూపుల ఒక్కరు ఆగితే మిగిలినోళ్ల మీద పడ్తది, బ్యాంకోళ్లు అందరి ఖాతాలు చూస్తరు. మైక్రోఫైనాన్స్ పైసలు దెచ్చి కార్డుకు కట్టుడంటే ఒక తాడు ఇప్పి ఇంకో తాడు కట్టుకున్నట్టే.

బత్తాయితోట
బంగారం పెట్టి తెస్తే అయిపాయె కదా అక్కా. గ్రాముకు మంచిగనే ఇస్తున్నరు.

రికవరీ_మాజీ
పెట్టుకో గానీ కార్డు ఇచ్చిన బ్యాంకుల మాత్రం పెట్టకు. గోల్డ్ లోను పూర్తిగ కట్టినంక కూడ "నీకు కార్డు బాకీ ఉన్నది, అది కట్టి నగలు తీస్కపో" అని ఆపుతరు. కాంట్రాక్ట్ చట్టం 171 కింద బ్యాంకుకు జనరల్ లీన్ (బాకీ తీరేదాంక చేతిల ఉన్న సొత్తు ఆపుకునే హక్కు) ఉన్నదంటరు, కోర్టుల కొట్లాడి తెచ్చుకునుడు తర్వాత సంగతి. అదే బ్యాంకుల సేవింగ్స్ ఖాతా ఉన్నా గదే కథ. కార్డు షరతులల్ల సెట్-ఆఫ్ అని ఒక లైను ఉంటది. ఖాతాల పైసలు పడంగనే హోల్డ్ పెట్టి గుంజుకుంటరు. వడ్ల పైసలు ఏ ఖాతాకు పడ్తయో ఒకసారి చూసుకో, ఐకేపీ సెంటర్ల ఇచ్చిన ఖాతా అదే బ్యాంకుదైతే బేరం గిట్ల ఏముండది, వాళ్లే తీసుకుంటరు.

చిట్యాల_బస్టాప్
అన్నా పీక మీదికొచ్చింది. అదే బ్యాంకు. సెంటర్ల ఖాతా పుస్తకం జిరాక్స్ ఇచ్చి పది రోజులైంది.

రికవరీ_మాజీ
ఇయ్యాలనే సెంటర్ల ట్యాబ్ ఎంట్రీ చేసే అమ్మాయిని అడుగు, నీ ట్రక్ షీట్ (వడ్లు లారీల పోయిన లెక్క కాగితం) మిల్లుకు ఎక్కిందా లేదా. ఎక్కకముందైతే ఖాతా మార్చుడు ఈజీ. ఎక్కినా అడిగి చూడు, పోయేదేం లేదు.

మిల్లు_గుమాస్తా
ఇంకో ఖాతాకు ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ కలుపుడు) ఉన్నదా చూసుకొని పో. సీడింగ్ లేకుంటె పైసలు మల్ల పాత ఖాతా వైపే చూస్తయి లేకపోతే తిరిగి పోతయి.

సాగర్_గేట్లు
ఒక్క టాపిక్‌ల కార్డు, బంగారం, వడ్లు, డ్వాక్రా. నల్లగొండ జిల్లా మొత్తం ఈడనే ఉన్నది.

వకీల్_పాలమూరు
ఇప్పుడు వరుసగా చేయాల్సింది చెబుతాను.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ముందు సిబిల్ రిపోర్టు తీయండి. కార్డు ఎదురుగా సంస్థ పేరు ఎవరిదుందో చూడండి. బ్యాంకు పేరే ఉంటే బాకీ ఇంకా బ్యాంకుదే, ఏజెన్సీ కమీషన్ మీద పనిచేస్తోంది. ఎసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ పేరుంటే బాకీని వాళ్లకు అమ్మేశారు. అప్పుడు లెటరు ఆ కంపెనీది కావాలి, బ్యాంకుది చెల్లదు. ఆ కంపెనీ ఆర్బీఐ దగ్గర నమోదైందా లేదా ఆర్బీఐ వెబ్‌సైటు జాబితాలో ఉంటుంది. రిపోర్టులో "రైటాఫ్" అని ఉన్నంత మాత్రాన మాఫీ అయిందనుకోకండి. అది బ్యాంకు తన పుస్తకాల్లో రాసుకున్న లెక్క, వసూలు హక్కు అలాగే ఉంటుంది.

తర్వాత కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, నా ఫైలు ఏ ఏజెన్సీకి ఇచ్చారు అని అడగండి. ఏ ఏజెన్సీకి ఇచ్చిందీ బ్యాంకు బాకీదారుకు చెప్పాలి, ఇంటికొచ్చే ఏజెంటు దగ్గర ఆథరైజేషన్ లెటరు, గుర్తింపు కార్డు ఉండాలి అని ఆర్బీఐ 2008 నుంచే చెబుతోంది. పేరు సరిపోలితే మాట్లాడండి. లేదంటే ఫోన్ పెట్టేయండి.

జడ్చర్ల_జంక్షన్
కార్డు వెనక నంబరుకు ఫోన్ చేస్తే హిందీకి 2 నొక్కు, ఇంగ్లిష్‌కు 1 నొక్కు, తెలుగుకు తొమ్మిది నొక్కేసరికి టాక్‌టైమ్ ఖతం.

హాలియా_అక్క
బ్రాంచికి పోతే ఏమంటరో తెలుసు కదా. "కార్డు మాకు సంబంధం లేదు, హైదరాబాద్‌కు మెయిల్ పెట్టు" అంటరు. మెయిల్ పెట్టుడే మేలు, చేతుల రుజువు ఉంటది.

రికవరీ_మాజీ
ఇగ బేరం. నీ సొంత ఆఖరి అంకె ముందుగాల రాసుకో. ఎంత కడ్తవు, ఏ తారీఖున కడ్తవు. మొదటి ఫోన్ల అది చెప్పకు. మొదలు 25, 28 వేల కాడ పెట్టు. వాడు నవ్వుతడు, నవ్వనీ. వాడు 65 అంటడు. నువ్వు 30 అను, అన్నంక ఊకో. నెల చివరి వారంల వాడే మల్ల ఫోన్ చేస్తడు. డిసెంబర్ 31 క్వార్టర్ ముగింపు, మార్చి 31 సంవత్సరం ముగింపు. గా రోజులల్ల మేనేజర్లు జల్ది సంతకం పెడ్తరు. నీ బాకీ వయసు 14 నెలలు, సెక్యూరిటీ ఏం లేదు. 58,400 అసల్ల 60 నుంచి 80 శాతం, అంటే 35 నుంచి 46,700 నడుమ తెగాలె. ఇది నా అంచనా, బ్యాంకును బట్టి అటీటు. ఒక్కసారి కట్టేటోనికి ఎక్కువ తగ్గుతది, మూడు వాయిదాలడిగితే తక్కువ తగ్గుతది.

ఫోన్ల మాట ఇట్ల ఉండాలె:
"సార్, నా పరిస్థితి మెయిల్‌ల రాసిన. 32 వేలు ఒక్కసారి కడ్త. లెటర్ బ్యాంకు మెయిల్ నుంచి రానియ్యున్రి, వచ్చిన పది రోజులల్ల కడ్త."
వాడు: "ముందు 5 వేలు వేస్తేనే లెటర్ జనరేట్ అయితది."
నువ్వు: "లెటర్ వచ్చినంకనే సార్. మెయిల్ పెట్టున్రి." 
వాడు ఒర్లుతడు. నువ్వు గదే మాట మల్ల చెప్పు. కొత్త మాట చెప్పినవంటే వానికి పట్టుకొనే కొమ్మ దొరుకుతది. "మా బావ ఇస్తనన్నడు" అన్నవా, రేపటి సంది బావ మీదనే కథ.

బత్తాయితోట
మరీ 28 అంటే చిన్నచూపు చూసి ఫైలు మూసేయరా?

రికవరీ_మాజీ
మూసేస్తే వానికి కమీషన్ ఎక్కడిది?

మిల్లు_గుమాస్తా
నేను దీనికి కొంచెం ఒప్పుకోను. ఆయనకు ఇంటి లోను కావాల్నట. సెటిల్మెంట్ చేసుకుంటె సిబిల్‌ల "సెటిల్డ్" అని పడ్తది, "క్లోజ్డ్" అని పడదు. ఇంటి లోను ఇచ్చేటోడు ఆ మాట చూసి వెనుకకు జరుగుతడు. 2023 జూన్‌ల ఆర్బీఐ రూలు పెట్టింది, రాజీ సెటిల్మెంట్ చేసుకున్నోనికి అదే సంస్థ వ్యవసాయేతర బాకీల విషయంల కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇయ్యొద్దని. 58,400 అసలు మొత్తం కట్టి, వడ్డీ, ఫీజు మాఫీ అడిగి, "క్లోజ్డ్" వేయించుకునే దారి చూడు.

రికవరీ_మాజీ
అసలు కట్టి వడ్డీ మాఫీ చేసుకున్నా దాన్ని గూడ సెటిల్మెంట్ అనే రాస్తరు గుమాస్తా సాబ్. మొత్తం 1,12,600 కడితేనే క్లోజ్డ్. బకాయి మాఫీ అయ్యిందా, ఆ మాట పడుడే.

మిల్లు_గుమాస్తా
వడ్డీని "చార్జ్ రివర్సల్" కింద ముందుగాల వెనుకకు తీసి, సున్నా బాకీ చేసి క్లోజ్ చేసే వీలుంటది. లేటు ఫీజు తప్పుగ పడితే మామూలుగ చేసేదే కదా.

రికవరీ_మాజీ
తప్పుగ పడితే. వెయ్యి రెండు వేలు అట్ల పోతయి. 50 వేలు అట్ల పోవు. కావాల్నంటె లెటర్ల "క్లోజ్డ్ అని రిపోర్ట్ చేస్తం" అని రాసిస్తరా అడుగు. రాసిస్తే నేను మాట వాపస్ తీస్కుంట. ఫోన్ల "సిబిల్ క్లీన్ చేయిస్త" అని ఎవడన్న అంటే అది గాలి మాట.

వకీల్_పాలమూరు
ఇద్దరికీ మధ్య దారి ఒకటి ఉంది. ఇప్పుడు సెటిల్మెంట్ చేసుకొని, ఇంటి లోను అవసరమయ్యే ముందు మాఫీ అయిన తేడా కట్టి స్టేటస్ మార్పించుకోవచ్చు. చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. కానీ అప్పుడు ఎంత కట్టాలో వాళ్లు చెప్పే లెక్క మీద ఆధారపడతారు. ఆర్నెల్లలో ఇంటి లోను పెట్టాలనుకుంటే గుమాస్తా గారి మాట నయం. రెండు మూడేళ్ల తర్వాత అయితే సెటిల్మెంటే నయం.

చిట్యాల_బస్టాప్
లోను ఇప్పుడే కాదు, ఇంకో మూడేండ్లు పడ్తది. నిన్న సాయంత్రం 8:40కి ఫోన్ చేసి సర్పంచ్‌కు చెప్తం, మీ బడికాడ అడుగుతం అన్నడు. రికార్డింగ్ ఉన్నది.

హాలియా_అక్క
గది బంగారం. దాచిపెట్టు.

వకీల్_పాలమూరు
2022 ఆగస్టు ఆర్బీఐ ఆదేశం: వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. నలుగురిలో పరువు తీయడం, ఇంటివాళ్లకూ స్నేహితులకూ చెప్పడం, బెదిరించడం, తప్పుడు మాటలు చెప్పడం అన్నీ నిషేధమే. మైక్రోఫైనాన్స్ బాకీలైతే సమయం ఇంకా తక్కువ, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. ఎవరి ఏజెంటు తప్పు చేసినా బాధ్యత బ్యాంకుదే.

రికార్డింగ్ తేదీ, సమయం, వచ్చిన నంబరు మూడూ రాసి బ్యాంకు గ్రీవెన్స్ మెయిలుకు పెట్టండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448. నేరుగా అంబుడ్స్‌మన్‌కు పోతే "ముందు బ్యాంకుకు రాశావా" అని తిప్పి పంపుతారు. ఫిర్యాదు తేలేదాకా ఆ ఫైలును ఏజెన్సీకి పంపవద్దని 2008 ఆదేశంలో ఉంది, మెయిల్లో ఆ మాట కూడా రాయండి.

దేవరకొండ_డేగ
లోక్ అదాలత్ నోటీస్ అని వాట్సప్‌ల వస్తది కదా, దానికి పోవాల్నా?

వకీల్_పాలమూరు
వాట్సప్‌లో వచ్చినదాన్ని నల్లగొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చూపించి అడగండి, కేసు నంబరు నిజమైతే చెబుతారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. నిజమైనదైతే వెళ్లండి. బ్యాంకు తరఫు అధికారి సంతకం అధికారంతో వస్తాడు కనుక అక్కడ బేరం త్వరగా తెగుతుంది. కోర్టు ఫీజు లేదు. లోక్ అదాలత్ ఎవరినీ శిక్షించదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు.

కానీ ఒప్పుకున్నాక అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. వాయిదా తప్పితే నేరుగా అమలుకు వస్తారు. జీతమైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60 ప్రకారం మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. 25 వేల జీతంలో జప్తుకు వీలైంది 8 వేలు. కట్టగలిగే అంకెకే సంతకం పెట్టండి. అక్కడి హడావిడిలో "సరే సార్" అనకండి.

పిల్లలమర్రి_నీడ
ఆడ టీ కూడ ఇస్తరు.

చిట్యాల_బస్టాప్
అప్డేట్. ఆరు రోజులైంది. వడ్ల ఖాతా మారింది. 38 వేల కాడికి వచ్చింది, రెండు వాయిదాలు, డిసెంబర్ 20న 20 వేలు, జనవరి 10న 18 వేలు. వాట్సప్‌ల లెటర్ పంపిండు. ఇది చూడున్రి:

"ప్రియమైన కస్టమర్, మీ కార్డు బకాయికి సంబంధించి రూ. 38,000 సెటిల్మెంట్ ఆఫర్ ఇవ్వబడుతుంది. ఈ ఆఫర్ తుది ఆమోదానికి లోబడి ఉంటుంది. చెల్లింపు తర్వాత ఖాతా స్టేటస్ అప్డేట్ చేయబడుతుంది."

కింద ఏజెన్సీ ముద్ర, ఒక సంతకం.

రికవరీ_మాజీ
ఇది లెటర్ కాదు, పెండ్లి పత్రిక. తుది ఆమోదానికి లోబడి అంటే ఇంకా ఆమోదం రాలే. కార్డు ఆఖరి నాలుగు అంకెలు లేవు. వాయిదా తారీఖులు లేవు. ఏజెన్సీ ముద్ర ఎందుకు, బ్యాంకు ముద్ర కావాలె.

వకీల్_పాలమూరు
ఇవి ఉండాలని అడగండి: మీ పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఆ తేదీకి మొత్తం బకాయి, సెటిల్మెంట్ మొత్తం 38,000, రెండు తేదీలు, రెండు మొత్తాలు, ఏ ఖాతాకు కట్టాలి. ఆ తర్వాత అసలు వాక్యం: "ఇది పూర్తి, తుది పరిష్కారం, మిగిలిన మొత్తం మాఫీ చేయబడింది, బ్యాంకుకు గానీ దాని హక్కుదారులకు గానీ ఈ కార్డు మీద ఇక ఏ క్లెయిమూ ఉండదు." హక్కుదారులు అన్న మాట వదలకండి. లేకపోతే మిగిలిన 74,600ను రేపు ఇంకో కంపెనీకి అమ్మితే మళ్లీ ఫోన్లు మొదలవుతాయి. ఎన్ని రోజుల్లో నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) ఇస్తారో కూడా రాయించండి.

వాట్సప్ పీడీఎఫ్ చాలదు, బ్యాంకు సొంత డొమైన్ మెయిల్ నుంచి రావాలి. వచ్చాక రెఫరెన్స్ నంబరు కస్టమర్ కేర్‌కు చెప్పి సిస్టంలో ఉందా అడగండి.

మిల్లు_గుమాస్తా
తేదీలు ఇంకోసారి చూడు. డిసెంబర్ 20 నాటికి వడ్ల పైసలు పడకపోతే ఎట్ల? మొదటి వాయిదా చేతిల ఉన్న 20 తోని అయితది సరే. జనవరి 10ని 25 చేయించు. వాయిదా ఒక్కటి తప్పితే ఆఫర్ మొత్తం రద్దు, కట్టిన 20 వేలు పాత బాకీల జమ. ఈ లైను సాధారణంగ అన్ని లెటర్లల్ల ఉంటది, చిన్న అక్షరాలల్ల.

రికవరీ_మాజీ
కట్టేటప్పుడు కార్డు నంబరుకే నెఫ్ట్ చెయ్, లేకపోతే బ్యాంకు యాప్‌ల కట్టు. రైటాఫ్ అయిన కార్డుకు పాత నంబరు మారి కొత్త అకౌంట్ నంబరు ఇస్తరు, భయపడకు గానీ కస్టమర్ కేర్‌ను అడిగినంకనే కట్టు. తారీఖు రోజు రాత్రి 11కి కట్టకు. రెండు రోజుల ముందు కట్టు, పైసలు తిరిగొస్తే మల్ల వేసుకోనీకి టైముంటది. కట్టినంక యూటీఆర్ నంబరు (పైసలు పోయినట్టు బ్యాంకు ఇచ్చే నంబరు) అదే మెయిల్‌కు రిప్లైల పెట్టు.

చిట్యాల_బస్టాప్
జనవరి 25కు ఒప్పుకున్నడు. లెటర్ మార్చి బ్యాంకు మెయిల్ నుంచి పంపిన్రు. "హక్కుదారులు" అన్న మాటకు రెండు రోజులు సతాయించిన్రు, వకీల్ సాబ్ చెప్పినట్టు ఊకోకుండ అడిగిన, పెట్టిన్రు. కస్టమర్ కేర్‌ల రెఫరెన్స్ కనవడుతున్నది అన్నరు. 18న 20 వేలు కట్టిన.

జడ్చర్ల_జంక్షన్
సాయంత్రం 5కు క్లోజ్ అయిన సిస్టం నెల రోజులకు జనవరి 25 దాంక తెరిచిన్రు సూడు.

దేవరకొండ_డేగ
మంచిగైంది. సిబిల్ ఎప్పుడు మారుతది?

వకీల్_పాలమూరు
సెటిల్ అయిన తేదీ నుంచి 30 రోజుల్లో బ్యాంకు అప్డేట్ పంపాలి. 2025 జనవరి నుంచి నెలకు కనీసం రెండుసార్లు డేటా పంపుతున్నారు కనుక పాత రోజులంత ఆలస్యం కాదు. మారకపోతే సిబిల్ సైటులో డిస్ప్యూట్ వేయండి, నో డ్యూస్ జతచేయండి. ఫిర్యాదు వేసిన 30 రోజులు దాటితే రోజుకు 100 చొప్పున పరిహారం వస్తుంది, ఖాతా వివరాలు అడిగితే ఇవ్వండి. ఓవర్‌డ్యూ కాలమ్‌లో సున్నా పడిందా చూడండి, పైన స్టేటస్ మారినా కింద పాత అంకె ఉండిపోవడం తరచూ జరిగే తప్పు.

హాలియా_అక్క
జనవరి 25న బ్రాంచిల కౌంటర్ కాడ కట్టితే వచ్చే రశీదు ఆ సన్న కాగితం. బీరువల పెట్టినా ఆర్నెల్లకు అక్షరాలు పోతయి. అదే రోజు జిరాక్స్ తీయించు తమ్మీ, ఫోటో కూడ తీసి మెయిల్‌కు పంపుకో.

చిట్యాల_బస్టాప్
యాప్‌లనే కడ్త అక్కా. అయినా స్క్రీన్‌షాట్ జిరాక్స్ తీయిస్త.